రెప్ప లోపలి వెంట్రుక

వదిన పోయిన మర్నాటి నుంచీ ఆ కుక్క ఏడుస్తోందని మా వరుసలో అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

రాయగడలో అప్పుడు మేం ఉండేది రైలు పట్టాలకు కాస్త ఎడంగా, ఒకే పొడవాటి పెంకుల కప్పు కింద గోడలు పెట్టి విడగొట్టిన ఇళ్లలో. ఆ గోడలు పైదాకా ఉండేవి కావు. ఒక వాటాలో దగ్గితే పక్క వాటాలో వినిపించేది. నేను మిషను ఆసుపత్రిలో కంటి వార్డు నర్సును. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది. పక్క వాటాలో ఉన్నాయన రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే పని చేసేవాడు. బొబ్బిలి వైపు మనిషి. భార్యాభర్తలిద్దరే, పిల్లలు లేరు. ఆయన్ని అన్నయ్యా అనీ, ఆవిణ్ణి వదినా అనీ పిలిచేదాన్ని. ఆయన మాత్రం నన్ను సిస్టరమ్మా అనే అనేవాడు.

కుక్కను వాళ్లింటికి తెచ్చి ఇచ్చింది నేనే. మా ఆసుపత్రిలో పనిచేసి వాళ్ల దేశం వెళ్లిపోయిన దొరసాని డాక్టరమ్మ దగ్గర ఒక జాతికుక్క ఉండేది. దాని పిల్లల్లో ఒకటి మిగిలిపోతే ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. తెల్లటి ఒంటి మీద ఇటుకరంగు మచ్చలు, నీళ్లు తాగుతుంటే గిన్నెలో మునిగేటంత పొడుగు చెవులు. ఆడపిల్ల కాబట్టి వదిన దాన్ని "అమ్మీ" అని పిలిచేది. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుంటే అది వంటింటి గుమ్మంలో కూర్చునేది. ఆవిడ పెరట్లోకి వెళితే అదీ వెళ్లేది.

డెబ్బైల నడుమ ఒక వానాకాలం వదినకు జ్వరం వచ్చింది. కోరాపుట్ జిల్లాలో ఆ రోజుల్లో జ్వరం అంటే ముందు మలేరియా అనే అనుకోవాలి. మాత్రలు వేసుకుంది, తగ్గిందనుకుంది, తల స్నానం కూడా చేసింది. మళ్లీ వచ్చింది. ఈసారి మాట తడబడింది. ఆసుపత్రికి తెచ్చేసరికి జ్వరం మెదడుకెక్కింది. నా వార్డు కాకపోయినా వీలున్నప్పుడల్లా వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. పోయింది పగటిపూట. అన్నయ్య టీ తెచ్చుకోవడానికి బయటికి వెళ్లాడు. నేనున్నాను. ఊపిరి ఆగిపోయినా కళ్లు మూతపడలేదు. రోజూ రోగుల రెప్పలు ఎత్తి చూసే చేత్తోనే ఆవిడ రెప్పలు కిందికి దించి పట్టుకున్నాను. ఆయన టీ గ్లాసుతో లోపలికి వచ్చి, ఆవిడ మొహం మీద నా చెయ్యి చూసి అక్కడే ఆగిపోయాడు. గ్లాసు కింద పెట్టడానికి చోటు కోసం చుట్టూ చూశాడు. ఏడవలేదు.

కర్మకాండకు బొబ్బిలి నుంచి వచ్చిన చుట్టాలు వెళ్లిపోయాక ఇంట్లో ఆయనా కుక్కా మిగిలారు. అప్పుడు పడింది అందరి కళ్లూ దాని మీద. రెండు కళ్ల కిందా జుట్టు తడిసి, నల్లటి చారలు కట్టి, గడ్డం దాకా ముద్దగా ఉండేది. పగలు మంచం కిందికి దూరి గోడ వైపు తిరిగి పడుకునేది. దీపాలు పెట్టే వేళకు బయటికి వచ్చి వంటింటి గుమ్మానికి ఎదురుగా కూర్చుని, సగం మూసిన కళ్లతో అటే చూసేది. ఒకోసారి తల వంచి ముంగాళ్లతో మొహం పాముకునేది, అచ్చం మనిషి రెండు చేతులతో మొహం కప్పుకున్నట్టు. పాలు పోసే ఆవిడ చూసింది, ఎదురు వరుస ఒడియా వాళ్ల పెద్దావిడ చూసింది. పోయినవాళ్లు కుక్కలకు కనిపిస్తారని, మనకే ఆ చూపు లేదని అన్నారు. ఆయన వింటుండగానే అన్నారు.

ఆ తర్వాతే గోడ మీది నుంచి మాటలు వినిపించడం మొదలైంది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నాక అన్నయ్య మెల్లగా మాట్లాడేవాడు. పట్టాల పక్కన గడ్డి ఎలా పెరిగిందో, ఏ సిగ్నలు దగ్గర తీగ తెగిందో, ఇంటి నుంచి ఎవరు కబురు చేశారో చెప్పేవాడు. కాస్త ఆగేవాడు. మళ్లీ చెప్పేవాడు. మా అమ్మ ఆ వేళకు బైబిలు తెరిచి పైకి చదువుకునేది. ఒకరోజు మధ్యలో ఆపేసింది.

"ఎవల్తో మాటాడతన్నాడమ్మీ?" అంది గొంతు తగ్గించి.

"కుక్కతోనే అమ్మా."

"కుక్కతో మాటాడితే మద్దిమద్దిలో ఎందుకు ఆగతాడు? జవాబు ఇన్నట్టు ఆగతన్నాడు."

అమ్మ మళ్లీ చదవబోయింది కానీ వేలు పెట్టిన వరుస దొరకలేదు. పుస్తకం మూసేసి, కళ్లు మూసుకుని ఆయన కోసం చాలాసేపు ప్రార్థన చేసింది.

మర్నాడు చేపల పులుసు గిన్నెలో పోసి నన్ను పంపింది. తలుపు ఓరగా ఉంది. దీపం ఇంకా పెట్టలేదు. అన్నయ్య నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుక్క ఎప్పటిలాగే గుమ్మానికి ఎదురుగా ఉంది. నేను అడుగు పెట్టగానే ఆయన చెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

"సూడండి సిస్టరమ్మా. ఆ గుమ్మం కేసే సూస్తన్నాది. రోజూ ఈ ఏలకే."

చూశాను. గుమ్మం అవతల వంటింట్లో ఏమీ కనిపించనంత చీకటి. కుక్క కళ్ల నుంచి నీళ్లు బొట్లుగా జారి ముంగాళ్ల మీద పడుతున్నాయి. అది తల కదపడం లేదు. నేను చచ్చిన వాళ్లను చాలామందిని చూశాను, ఒంటరిగా వాళ్ల పక్కన కూర్చున్నాను, ఏనాడూ భయపడలేదు. కానీ ఆ పూట ఆ గది మధ్యలో పులుసు గిన్నె పట్టుకుని నిలబడితే నా మెడ వెనక చల్లబడింది. ఆవిడ రెప్పలు దించిన వేళ్లు నావే. ఇప్పుడు అటు నుంచి ఆవిడ చూస్తే ముందు కనిపించేది నేనే అనిపించింది. గిన్నె అక్కడే పెట్టేసి వచ్చేశాను.

"ఏటయ్యింది?" అని అమ్మ అడిగితే, "ఏం లేదు" అన్నాను.

తర్వాత వచ్చిన ఆదివారం చర్చి నుంచి తిరిగి వస్తున్నాం. వానలు వెనకబట్టి మంచి ఎండ కాస్తోంది. అన్నయ్య అరుగు మీద బూట్లకు రంగు వేసుకుంటున్నాడు. కుక్క మెట్టు పక్కన ఉంది. ఆ ఎండలో అది కళ్లు తెరవలేకపోతోంది. మొహాన్ని మెట్టు అంచుకేసి ఒక పక్క నుంచి రాసుకుంటోంది, గజ్జి పట్టిన పశువు గోడకు ఒళ్లు రాసుకున్నట్టు. ఏడ్చేవాళ్లు అలా చెయ్యరు. నాకు మా వార్డుకొచ్చే కొండ ఊళ్ల ముసలమ్మలు గుర్తొచ్చారు. కంటిజబ్బు ముదిరి రెప్ప లోపలికి ముడుచుకుపోయి, వెంట్రుకలు గుడ్డుకు గీసుకుంటుంటే వాళ్లు అలాగే వెలుతురు నుంచి మొహం తిప్పుకునేవారు. వాళ్లు కూడా ఎప్పుడూ ఏడుస్తున్నట్టే ఉండేవారు.

బైబిలు అమ్మ చేతికిచ్చి మెట్టు మీద కూర్చున్నాను. కుక్క తల ఒళ్లో పెట్టుకుని, వార్డులో చేసినట్టే బొటనవేలితో కింది రెప్పను కాస్త బయటికి లాగి చూశాను. రెప్ప లోపలికి తిరగలేదు. బాగానే ఉంది. కానీ రెప్ప అంచు మీద, మామూలుగా జిడ్డు ఊరే చిన్న చిన్న రంధ్రాలుంటాయి కదా, ఆ రంధ్రాల్లోంచి సన్నటి వెంట్రుకలు వచ్చి ఉన్నాయి. అక్కడ ఉండకూడని వెంట్రుకలు. రెండో వరుసలాగా నిలబడి, తడికి గుడ్డుకు అతుక్కుపోయి ఉన్నాయి. పై రెప్పకూ అంతే. రెండో కంటికీ అంతే.

"అన్నయ్యా, ఇలా రండి" అన్నాను. ఆయన బూటు చేతిలో పట్టుకునే వచ్చాడు. చూపించాను. "దీనికి కళ్లల్లో వెంట్రుకలు మొలిచాయి. రెప్ప వేసినప్పుడల్లా గుచ్చుకుంటున్నాయి. అందుకే ఈ నీళ్లు. చిమటాతో పట్టుకుని పీకేస్తే హాయిగా ఉంటుంది."

ఆయన వంగి చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"అంటే ఇది మా ఇంటిదానికోసం ఏడస్తం నేదా?"

ఆయన బూటు కింద పెట్టి, కుక్కను రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. విసురుగా వెయ్యలేదు. మెల్లగానే వేశాడు.

"నీకెందుకమ్మీ?" అంది అమ్మ, మా ఇంట్లోకి వచ్చాక. "ఆ మడిసికి మిగిలింది అదొక్కటీని. తోడుగా ఏడస్తంది అనుకుంతన్నాడు. అనుకోనీ."

"అలాగే వదిలేస్తే దాని కళ్లు పోతాయమ్మా."

అమ్మ పమిట కొంగు మెడ చుట్టూ తిప్పుకుని కూర్చుంది.

ఆ తర్వాత అన్నయ్య నాతో మాట్లాడడం తగ్గించాడు. ఎదురుపడితే తల ఊపేవాడు. గోడ మీది నుంచి మాటలు మాత్రం ఆగలేదు. పైగా ఇంకా మెల్లగా వినిపించేవి, మేం వింటున్నామని తెలిసినట్టు. నేను ఆసుపత్రిలో ముసలమ్మల రెప్పల నుంచి వెంట్రుకలు పీకుతున్నంతసేపూ గోడ అవతల ఆ కుక్క ఇంకా రెప్పలు కొట్టుకుంటూ ఉంటుందనే ఆలోచన వదిలేది కాదు. ఇంటికి వచ్చి పడుకుంటే కళ్లు మూయగానే వదిన కళ్లు కనిపించేవి. అవి మూసుకునేవి కావు.

చలి మొదలైంది. ఒక పొద్దుట అమ్మ వాకిలి ఊడ్చడానికి తలుపు తీస్తే ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో వదిన పాత చీర, చీరలో కుక్క.

"సిస్టరమ్మా నేచేరా?" అన్నాడు. నేను బయటికి వచ్చాను. చీర తొలగించి చూపించాడు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుంది. వేళ్లతో తెరిస్తే నల్లగుడ్డు మీద నీలంగా పొర కమ్మింది. "ఇలగ అయిపోనాది. కూడు ముట్టుకోట్నేదు. ఏటన్నా సెయ్యండి."

కంటి చుక్కలు, మొన వంకర లేని సన్న చిమటా, పుండు ఉంటే రంగు పట్టి చూపించే మందు, అన్నీ డాక్టరుగారిని అడిగి ఆ పూటే తెచ్చాను. మా పెరట్లో ఎండలో బల్ల వేశాం. అన్నయ్య కుక్క తలను గుండెకు ఆనించి పట్టుకున్నాడు. అమ్మ వెనక కాళ్లు పట్టుకుంది. కన్ను మొద్దుబార్చే చుక్కలు వేసి, రంగు మందు వేసి నీళ్లతో కడిగితే ఎడమ గుడ్డు మీద పైభాగాన పచ్చగా ఒక గీత మెరిసింది. పుండు. అన్నయ్య దాన్ని చూశాడు.

ఒక్కొక్క వెంట్రుకనే మొదలు దగ్గర పట్టుకుని, మొలిచిన వైపే లాగుతూ వచ్చాను. తెంపకూడదు. తెగితే మొండి ఇంకా గట్టిగా గుచ్చుకుంటుంది. తీసినదాన్నల్లా తడి దూది మీద పెట్టాను. ఎంత సన్నవంటే దూదికి అంటుకున్నాక నాకే కనిపించేవి కావు. కుక్క మొదట్లో మూలిగింది. తర్వాత ఊరుకుంది. పని సగమయ్యాక నేను అడిగాను, "ఇదివరకు ఈ నీళ్లు కారేవి కావా అన్నయ్యా? ఇవి ఇప్పటికిప్పుడు మొలిచినవి కావు. చిన్నప్పట్నుంచీ ఉండే ఉంటాయి."

ఆయన కుక్క చెవి వెనక్కి సర్ది మళ్లీ పట్టుకున్నాడు.

"మా ఇంటిది దానికి పొద్దుటే మొకం తుడిసీది," అన్నాడు. "నాను డూటీకి బయల్దేరతంటే పీట మీద కూకుని, కొంగు తడిపి, దాని కళ్లు తుడిసీది. మళ్లీ కూడెట్టినప్పుడు. మళ్లీ సాయంకాలం. ఎప్పుడు సూసినా దాని మొకం తుడస్తానే ఉండీది. ముద్దుకి సేస్తందనుకున్నాను."

అమ్మ కుక్క కాళ్లు వదలకుండానే తల పక్కకు తిప్పుకుంది.

"అయితే ఇది రోజూ ఏడిసీదే," అన్నాడు ఆయన, తనలో తను. "అది తుడిసీసీది. నాకు కనపడీది కాదు."

మిగిలిన వెంట్రుకలు తీయడానికి కాస్త సేపు పట్టింది.

రాత్రికి కుక్క పాలు తాగింది. కుడి కన్ను బాగా తెరిచింది. ఎడమది తేరుకుంటున్నట్టే ఉండి, వారం తిరిగేసరికి మళ్లీ మూసుకుంది. రంగు మందు వేసి చూస్తే పచ్చ గీత తగ్గకపోగా లోతైంది. అంచున ఒక్క వెంట్రుక లేదు, ఎండలోకి తీసుకెళ్లి ఎన్నిసార్లు వెతికినా లేదు. మా డాక్టరుగారు చూసి, "మనుషుల కళ్లయితే నేను చెప్పగలను. దీన్ని కోరాపుట్ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడికి కొత్తగా వచ్చినాయన కుక్కల కళ్ల గురించి చదువుకున్నాడట" అన్నారు. రెప్పను తిప్పి బిగించి పట్టే చిన్న పరికరం ఒకటి మా వార్డుదే ఇచ్చి పంపారు, అక్కడ ఉండకపోవచ్చని.

అప్పటికి రాయగడ నుంచి కోరాపుట్‌కు రైలు లేదు. పొద్దున్నే బస్సు. లక్ష్మీపూర్ దాటాక ఘాటీ రోడ్డు మొదలైతే మలుపు మలుపుకూ జనం ఒకరి మీద ఒకరు ఒరిగేవారు. అన్నయ్య కిటికీ పక్కన కూర్చుని, కుక్క మొహానికి వెలుతురు తగలకుండా వదిన చీర కప్పి పట్టుకున్నాడు. మా ఎదుటి సీట్లో ముక్కుకు మూడు పోగులున్న కొండమనిషి ఒకావిడ అల్లం బుట్టతో కూర్చుంది. కుక్కను చూసి, చీర కొంచెం ఎత్తి చూసి, ఎందుకేడుస్తోందని తన భాషలో అడిగింది.

అన్నయ్య నా వైపు చూశాడు. నేను చెబుతానేమో అనుకున్నాడు. నేను కుక్క మీద చీర సర్దాను.

"ఏడవడం కాదు," అన్నాడు ఆవిడ మాట్లాడిన దేశియాలోనే, వచ్చీరానట్టు. "కంట్లో వెంట్రుక ఉంది."

ఆవిడ నాలుక చప్పరించి, చీర ఎత్తిన చెయ్యి కుక్క తల మీద పెట్టి అలాగే చాలా దూరం ఉంచింది. ఆవిడ దిగిపోయాక అన్నయ్య కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. లోయలో మంచు కదలకుండా పడి ఉంది.

పశువుల ఆసుపత్రి వాకిట్లో ఎద్దులు, మేకలు. డాక్టరు ఒడియా యువకుడు. స్వెట్టరు చేతులు పైకి మడుచుకుని ఒక దూడకు కట్టు కడుతున్నాడు. గుణుపురంలో పనిచేసినందువల్ల కొంచెం తెలుగు వచ్చు. చేతులు కడుక్కొచ్చి, కుక్కను కిటికీ దగ్గర బల్ల మీద పడుకోబెట్టి, నేను చెప్పినదంతా విని, అంచు వెంట్రుకలు బాగానే తీశానన్నాడు. "అవి మళ్లీ వస్తాయి సిస్టర్. నెలో, నెలన్నరో. వేరు ఉంటుంది కదా. కరెంటు సూదితో వేరు కాల్చే పద్ధతి ఉంది, పెద్ద ఊళ్లల్లో. ఇక్కడ లేదు. కానీ ఈ పుండు వాటి వల్ల కాదు. వాటివల్ల అయితే ఇంత లోతు ఉండదు. రెప్ప లోపల ఇంకోటి ఉండాలి."

మత్తు ఇచ్చాక నేను తెచ్చిన పరికరంతో పై రెప్పను తిప్పి బిగించాడు. లోపలి ఎర్రటి పొర బయటికి వచ్చింది. భూతద్దం పెట్టి, దీపం దగ్గరికి లాక్కుని, శ్వాస బిగబట్టి వెతికాడు. నాకు ఏమీ కనిపించలేదు. ఆయన వేలు చూపిన చోట, రెప్ప సరిగ్గా మధ్యలో, ఒక నల్ల చుక్క. పెన్సిల్ మొనతో తాకినంత. ఆ పొరను చీల్చుకుని, నేరుగా గుడ్డు వైపు పొడుచుకొచ్చిన ఒకే ఒక్క వెంట్రుక. రెప్ప వేసినప్పుడల్లా అదే గుడ్డును గీసింది.

దాన్ని పీకలేదు. వేరుతో సహా ఆ చుట్టూ ఉన్న పొరను బియ్యపు గింజంత ముక్కగా కోసి తీసేశాడు. రక్తం వస్తే నేను దూది అద్దాను. ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి అన్నయ్యను పిలిచి, భూతద్దం ఆయన చేతికి ఇచ్చాడు. ఆయన వంగి చూశాడు. అలాగే వంగి ఉండిపోయాడు.

"ఇంతేనా," అన్నాడు.

డాక్టరు మరో పశువు దగ్గరికి వెళ్లిపోయాడు. మత్తు దిగేదాకా కుక్కను కదపొద్దన్నాడు. దాన్ని వరండాలో చీర మీద పడుకోబెట్టి మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. అన్నయ్య రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఎదుటి కొండ కేసి చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆయన భుజాలు ఊగడం మొదలైంది. శబ్దం లేదు. తర్వాత వచ్చింది. వదిన పోయిన ఆ మధ్యాహ్నం నుంచీ లోపలే ఉండిపోయిన ఏడుపు అది. మేకను పట్టుకొచ్చిన ముసలాయన ఒకడు కుక్క చచ్చిపోయిందనుకుని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. దాని పొట్ట లేచి పడుతుండడం చూసి, ఏమీ అర్థంకాక, అక్కడే ఉండిపోయాడు. నేను పక్కకు తిరిగి కూర్చున్నాను.

కన్ను మానడానికి రోజులు పట్టింది. చుక్కలు వేళ తప్పకుండా ఆయనే వేశాడు. నీలం పొర అంచుల నుంచి విడుతూ వచ్చి, చివరికి ఎండలో పెట్టి చూస్తే తప్ప కనిపించని చిన్న మసక మిగిలింది. కళ్ల కింద జుట్టు ఆరిపోయింది. ఇక ఎవరూ దాన్ని ఏడ్చే కుక్క అనలేదు. గోడ మీది నుంచి మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు ఊరటగా ఉండాల్సింది. ఉండేది కాదు. సాయంత్రం అమ్మ చదవడం ఆపినప్పుడల్లా ఇద్దరం తెలియకుండానే అటు చెవి పెట్టేవాళ్లం. అవతల గిన్నె చప్పుడు, నీళ్లు పోసిన చప్పుడు. అంతే.

ఆ రోజుల్లోనే జరిగింది ఒకటి. కన్ను చూడ్డానికి వెళ్లాను. పొద్దు వాలుతోంది కానీ ఇంట్లో ఇంకా వెలుతురు ఉంది. కుక్క నా కాళ్ల దగ్గర పడుకుంది. కళ్లు రెండూ శుభ్రంగా, గాజు గోళీల్లా మెరుస్తున్నాయి. రెప్పలెత్తి చూశాను, ఎక్కడా ఏమీ లేదు. అప్పుడది తల ఎత్తింది. లేచింది. తోక ఊపుతూ వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి, వదిన కూడు పెట్టేముందు కూర్చునేటట్టు వెనక కాళ్ల మీద కూర్చుని, మొహం పైకెత్తి ఓపిగ్గా ఎదురుచూసింది. ఎవరో తడి కొంగు పట్టుకుని వంగితే అందించినట్టుగా ఒక చెంప, తర్వాత ఇంకో చెంప తిప్పింది. వచ్చి మళ్లీ నా కాళ్ల దగ్గర పడుకుంది.

అన్నయ్యా నేనూ ఇద్దరం చూశాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. "చుక్కలు ఇంకో వారం వెయ్యండి" అని చెప్పి లేచాను. కన్నీళ్లకు కారణం భూతద్దం కింద చూశాను, నా చేత్తో దూది అద్దాను. దీనికి ఏ కారణం చెప్పుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మకు చెబితే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "పాస్టరుగారికి సెప్పకు," అంది అంతే.

అంచు వెంట్రుకలు డాక్టరు చెప్పినట్టే మళ్లీ వచ్చాయి. చిమటా ఒకటి ఇచ్చి, ఎలా పట్టుకోవాలో, ఎటు లాగాలో అన్నయ్యకు నేర్పాను. సెలవు రోజు అరుగు మీద కళ్లజోడు పెట్టుకుని, కుక్క తల ఒళ్లో పెట్టుకుని, తీగలు బిగించే ఆ మోటు చేతులతో ఒక్కొక్కటీ తీసేవాడు. తర్వాత విజయనగరం వైపు బదిలీ అయింది. సామాను బండికి ఎక్కించి, కుక్కను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వాటాలోకి కాగితం మిల్లులో పనిచేసే వాళ్లు వచ్చారు. వాళ్లకు చంటిపిల్లలుండేవారు, రోజంతా సందడి. అయినా దీపాలు పెట్టే వేళకు నేను ఆ గోడ కేసి చూసేదాన్ని. అమ్మ పోయాక ఇంకా ఎక్కువగా చూసేదాన్ని.

ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం వార్డు ఆయా వచ్చి, బయట మీ కోసం ఎవరో కుక్కను పట్టుకుని నిలబడ్డారు అంది. చెట్టు నీడలో అన్నయ్య. జుట్టు నెరిసింది. పక్కన నీలం చీరలో ఒక ఆడమనిషి, ఆయన కన్నా బాగా చిన్నది. కుక్కకు ముసలితనం వచ్చేసింది. మూతి తెల్లబడింది, ఒళ్లు బరువెక్కింది. కళ్లు మాత్రం ఆరోగ్యంగా ఉన్నాయి. నేను వంగి చెయ్యి చాపాను. అది నా చేతి స్పిరిటు వాసన చూసి, గుర్రుమని, వణుకుతూ ఆయన కాళ్ల వెనక్కి పోయింది.

"అయ్యో, మర్సిపోనాది సిస్టరమ్మా," అన్నాడు ఆయన సిగ్గుపడుతూ.

మరిచిపోలేదు. గుర్తుంది. దాని లెక్కలో నేను నొప్పి తప్ప మరేమీ పెట్టలేదు.

"మా ఇంటిది," అని ఆమెను పరిచయం చేశాడు. పెళ్లయి కొంతకాలమైందట. తెరుబలిలో ఆమె అన్నగారింటికి వచ్చి, సాయంత్రం బండికి వెళ్లిపోతున్నారు. "ఇప్పుడు ఎంట్రుకలు ఈమే తీస్తాది. నాకు సూపు ఆనట్నేదు."

"నా సేతిలో అయితే కదలదండి," అంది ఆమె.

అన్నయ్య కుక్కకు నీళ్లు పట్టించడానికి కొళాయి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె ఆయన వీపు కేసి చూసి, నా దగ్గరికి ఒక అడుగు జరిగింది.

"మీరే కదండీ ఆకర్న పక్కనున్నది? ఆవిడ పక్కన."

"అవునమ్మా."

"ఎలగుండీది ఆవిడ?" అంది. అడిగాక భయపడినట్టు చూసింది. "ఇంట్లో ఎవలూ సెప్పరు. ఈయన సెప్పడు. నానడగలేను. ఫొటో కూడా నేదు."

ఎవరూ నన్ను అంతవరకూ ఆ ప్రశ్న అడగలేదు. వదిన గురించి ఇన్నేళ్లుగా నాకు గుర్తున్నది మూతపడని కళ్లే. కొళాయి దగ్గర ఆయన దోసిలితో నీళ్లు పడుతున్నాడు. నేను ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాను. వదిన మాట్లాడితే వేగంగా మాట్లాడేదని, సగం మాట నోట్లో ఉండగానే నవ్వొచ్చేసేదని, నవ్వితే చేతి వెనక మొహం దాచుకునేదని చెప్పాను. పులుపు ఎక్కువ తినేదని, చింతచిగురు కాలంలో నాకూ మా అమ్మకూ తినిపించకుండా వదిలేది కాదని, కొండ దిగువ సంతకు నడిచి వెళ్లడమంటే చచ్చేంత ఇష్టమని, వర్షం వస్తే గొడుగు ఉన్నా తడిసేదని చెప్పాను. ఒకటి చెబుతుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆమె కళ్లు ఆర్పకుండా వింటోంది.

"పొడుగా?" అంది.

"నీ అంత ఉండేది."

ఆయన కుక్కతో తిరిగి వస్తుంటే ఆమె లేచి చీర సర్దుకుంది. నేను చెప్పడం ఆపాను. బండికి వేళవుతోందని ఆయన అన్నాడు.